గడియ లేని పాటల బడి

తప్పులుంటే మన్నించాలి. నాకు అక్షరాలు అరవై మూడో ఏట వచ్చాయి, అదీ లైబ్రరీలో మంగళవారం క్లాసుకు పోతే. ఒక పేజీ రాయడానికి రెండు సాయంత్రాలు పడుతుంది. అయినా మా కౌన్సిల్ వారు చేసిన ఘనకార్యం గురించి పేపర్లో అంత పెద్దగా వేసి, అందులో డిల్లిస్ పేరు వెయ్యలేదు. అందుకని కూర్చుని రాశాను.

కూమ్ హెలిగ్ ప్రాథమిక పాఠశాలను సమూలంగా సమీక్షించి, మూడేళ్ళ అభివృద్ధి ప్రణాళిక తయారు చేస్తామని కౌన్సిల్ విద్యాసంఘం అధ్యక్షులు ఎమ్రిస్ గెథిన్ గారు సెప్టెంబర్లో ప్రకటించారు. బడి హాల్లో, పిల్లలు కసరత్తు చేసే చాప మీద నిలబడి ప్రకటించారు.

"ఈ బడిని ఒక మెట్టు పైకి తీసుకెళ్తామని మీరు అనుకుంటున్నారు. పొరపాటు. మెట్లతో పని లేకుండా పైకి తీసుకెళ్తాం!"

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక తుడుపుకర్ర చంకలో పెట్టుకుని డిల్లిస్ కూడా కొట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఆ బడి ఊడ్చి తుడిచేది ఆవిడే. "మెట్లు లేకపోతే మంచిదే, నాకు నడుం నొప్పి తగ్గుతుంది" అంది, నేనప్పుడు వంట చేసే బడి వంటగదిలోకి వచ్చి.

డిల్లిస్‌కి కావలసింది పైకి వెళ్ళడం కాదు, గడియ. చిన్నపిల్లల టాయిలెట్లు రెండు. రెండు తలుపులకీ గడియలు ఊడిపోయి మూడేళ్ళయింది. పద్నాలుగుసార్లు కౌన్సిల్‌కి చెప్పించింది. పద్నాలుగుసార్లూ "మీ విన్నపం మాకెంతో ముఖ్యం" అని జవాబు వచ్చింది. పిల్లలు ఆ జవాబు వచ్చేదాకా ఆగలేదు. అది ఆగే వ్యవహారం కాదు కదా. వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. లోపల కూర్చున్నవాళ్ళు గట్టిగా పాడాలి. పాట వినిపిస్తే మనిషి ఉన్నట్టు, వినిపించకపోతే తలుపు తోసుకుని పోవచ్చు. మా లోయలో పాడలేని పిల్లలు పుట్టరు గనక పద్ధతి చక్కగా సాగిపోయింది.

ఒక్క ఎఫాకి తప్ప. ఆరేళ్ళ పిల్ల. ఎదురుగా మనిషి ఉంటే పేరు చెప్పడానికే గొంతు పెగలదు, పాటెక్కడ పాడుతుంది? పొద్దున్నుంచి చుక్క నీళ్ళు ముట్టేది కాదు. మూడున్నరకి గంట కొట్టగానే కాళ్ళు దగ్గరగా పెట్టుకుని ఇంటికి పరుగెత్తేది. కొన్ని రోజులు అంతవరకూ ఆగలేకపోయేది. డిల్లిస్ తన అలమరలో, బకెట్ల వెనక, ఆ పిల్ల కొలతకి నాలుగు చెడ్డీలు ఉతికి మడిచి ఉంచేది. ఈ సంగతి అప్పట్లో వాళ్ళిద్దరికే తెలుసు.

అక్టోబర్లో సమీక్ష జరిగింది. అభివృద్ధి సలహాదారు లోరి మేబన్ గారు టాబ్లెట్ చేత్తో పట్టుకుని దయచేశారు. ముందు పిల్లల గొంతు వినాలన్నారు. ఐదుగురిని గుండ్రంగా కూర్చోబెట్టారు.

"ఈ బడిలో ఏది మారితే మీకు సంతోషం?"

"గడియ కావాలి మిస్."

"అంటే భద్రత."

"కాదు మిస్, గడియ."

"నాదంటూ ఒక చోటు ఉందన్న భావన" అని ఆవిడ రాసుకున్నారు. "మరి దాన్ని మనం ఎలా సాధించాలి?"

"స్క్రూలతో మిస్."

ఆ మాట ఆవిడ రాసుకోలేదు. ఆ గడిలో అంత చోటు లేదు.

తర్వాత వరండాలో నడుస్తూ ఠక్కున ఆగిపోయారు. రెండు టాయిలెట్లలోనూ పిల్లలున్నారు. ఒకడు పై స్థాయిలో, ఒకడు కింది స్థాయిలో, ఒకే కీర్తన అందుకున్నారు. మేబన్ గారి కళ్ళు చెమర్చాయి.

"వీళ్ళకి ఇది ఎవరు నేర్పారు?"

హెడ్మాస్టర్ టెగిడ్ పారీ గారు నోరు తెరిచారు. బడిలో పిల్లలు యాభై ఒక్కరే. మూసెయ్యాల్సిన బళ్ళ జాబితా కౌన్సిల్లో తయారవుతోందని ఆయనకి తెలుసు. నోరు మూసి, మళ్ళీ తెరిచారు.

"ఎవరూ నేర్పలేదు మేడమ్. లోపలి నుంచి వస్తుంది."

ఇందులో అబద్ధం లేదు.

"మేడమ్, అది గడియ లేక..." అని డిల్లిస్ అందుకుంది.

"ష్! వింటున్నాను."

బడికి "అత్యుత్తమం" అని వచ్చింది. ప్రణాళిక అరవై నాలుగు పేజీలు, అట్ట మీద గెథిన్ గారు నవ్వుతూ. మొదటి లక్ష్యం: వేసవికల్లా పిల్లల సహజగానం ముప్పై శాతం పెరగాలి. మేబన్ గారు వారం రోజులు స్టాప్‌వాచ్ పట్టుకుని వరండాలో నిలబడి ఒక గొప్ప సత్యం కనిపెట్టారు. నీళ్ళు తాగిన అరగంటకి పిల్లలు ఎక్కువ పాడుతున్నారు.

"ఇది యూరప్ మొత్తంలో ఇంతవరకూ ఎవరి బుర్రకీ తట్టలేదు" అన్నారు గెథిన్ గారు. నిజమే అయ్యుంటుంది.

పిల్లలందరికీ సీసాలు వచ్చాయి. సీసా మీద "తాగు, పాడు, ఎదుగు" అని అచ్చు. గంటకోసారి గంట కొడతారు, అందరూ తాగాలి. ఎఫా మొదట్లో తన నీళ్ళు కిటికీలో మొక్కకి పోసేది. మొక్క కుళ్ళి చచ్చాక టీచరుకి తెలిసిపోయింది, ఎదురుగా నిలబడి తాగించింది. ఆ రోజు పదకొండు కాకముందే అలమరలో నాలుగో చెడ్డీ అయిపోయింది.

డిల్లిస్ మొగుడు పోయాక ఆవిడ పెరట్లో పావురాల గూడు ఖాళీగా ఉంది. శుక్రవారం దానికున్న ఇత్తడి గడియలు రెండూ ఊడదీసింది. బడి వదిలాక మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లల చెయ్యి అందే ఎత్తులో బిగించింది.

సోమవారం ఎఫా లోపలికి వెళ్ళింది. టిక్కుమని గడియ పడింది. కాసేపటికి బయటికి వచ్చి, చేతులు కడుక్కుని, గడియని ఒకసారి ముట్టుకుంది.

"ఆంటీ, మరి పావురాలకి గడియ వద్దా?"

ఆ పిల్ల అంత పొడుగు మాట మాట్లాడగా డిల్లిస్ అదే మొదటిసారి వినడం.

"అవి ఎప్పుడో ఎగిరిపోయాయి బంగారూ."

మంగళవారానికి బడి మూగబోయింది. బుధవారం స్టాప్‌వాచ్ మీద సున్నా. గురువారం అత్యవసర సమావేశం, బిస్కెట్లతో సహా.

"మార్చి ఒకటిన రాజధాని కార్డిఫ్ నుంచి మంత్రిగారు పాట వినడానికి వస్తున్నారు. ఎవరు చేశారీ పని?" అన్నారు గెథిన్ గారు.

"నేనే సార్. గడియ పెట్టాను" అంది డిల్లిస్.

"ప్రణాళికలో ఏ లక్ష్యం కింద పెట్టారు?"

"తలుపు కింద కాదు సార్, మధ్యలో పెట్టాను. పిల్లలకి అందాలి కదా."

"చూడమ్మా, నువ్వు మంచిదానివే. కానీ ముప్పై శాతాన్ని రెండు స్క్రూలతో చంపేశావు."

"ఎనిమిది స్క్రూలు సార్. ఆ పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా..."

"ఏ పిల్ల?"

డిల్లిస్ ఎఫా పేరు చెప్పలేదు. చెప్తే ఆ పేరు కూడా పేజీ ఎక్కుతుంది. సాయంత్రం తనే గడియలు విప్పి జేబులో వేసుకుంది. ప్రణాళికలో "గానానికి అవరోధం: తొలగించబడినది" అని ఆకుపచ్చ రంగు వేశారు.

మార్చి ఒకటి మా దేశ పండగ. ఆడపిల్లలు పొడుగు నల్లటోపీల్లో, మగపిల్లలు చొక్కాలకి ఉల్లికాడల్లాంటి లీకు కాడలు గుచ్చుకుని, అందులో సగం పచ్చివి నమిలేసి, వరసగా నిలబడ్డారు. మంత్రిగారు మాంసం పులుసు రెండు గిన్నెలు తాగారు. తర్వాత ఫొటో కోసం బడి సీసా ఎత్తి నిండుగా తాగారు. ఫొటో సరిగా రాలేదంటే ఇంకో సీసా తాగారు.

అరగంటకి ఆయన హెడ్మాస్టర్ చెవిలో ఏదో అడిగారు. పెద్దవాళ్ళ టాయిలెట్ నిండా ప్రణాళిక కాపీలు పేర్చి ఉన్నాయి, తలుపు తెరుచుకోదు. పిల్లలదే చూపించారు. మంత్రిగారు లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఆయనకి పద్ధతి ఎవరూ చెప్పలేదు.

టాయిలెట్ కోసం వరసలో ముందున్న కుర్రాడు తలుపుకి చెవి పెట్టి విన్నాడు. పాట లేదు. తోశాడు.

"ఏయ్! ఉన్నాను!"

"అయితే పాడండి సార్! పాడకపోతే లేనట్టే!"

"ఏం పాడను?"

"మీ ఇష్టం సార్, గట్టిగా పాడండి!"

కంగారులో ఏ పాటా గుర్తు రాలేదు కాబోలు. మంత్రిగారు జాతీయగీతం అందుకున్నారు.

ఇక చూడాలి. మా దేశంలో ఆ పాట వినపడ్డాక కదిలేవాడు లేడు. గెథిన్ గారు టోపీ తీసి గుండెకి హత్తుకున్నారు. హెడ్మాస్టర్, పేపరువాళ్ళు, నేను గరిటెతో సహా, నిటారుగా నిలబడిపోయాం. మేబన్ గారు టాబ్లెట్ గుండెల మీద పెట్టుకున్నారు. రెండో పాదానికి బడంతా గొంతు కలిపింది. ఇందరు పాడుతుంటే మధ్యలో ఆపితే బాగుండదని మంత్రిగారు లోపలి నుంచి పాడుతూనే ఉన్నారు.

అప్పుడు ఎఫా వరసలోంచి బయటికి వచ్చింది. విగ్రహాల్లా నిలబడ్డ అందరి మధ్య నుంచి మెల్లగా నడిచి పక్క టాయిలెట్లోకి వెళ్ళింది. ఎవరూ తొయ్యలేదు. చరణం అయ్యేలోగా బయటికి వచ్చి, చేతులు కడుక్కుని, డిల్లిస్ పక్కన నిలబడింది.

ఇదంతా చూసినది డిల్లిస్ ఒక్కతే అనుకున్నాం. కాదు. మేబన్ గారి నివేదికలో ఒక వాక్యం ఉంది: "ఒక విద్యార్థిని గానంలో పాల్గొనలేదు. మెరుగుపడవలసి ఉన్నది."

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికే కౌన్సిల్ వ్యానులో ఇద్దరు మనుషులు వచ్చారు. మూడేళ్ళలో రానివాళ్ళు ఒక రాత్రిలో వచ్చారు. మంత్రిగారు కూర్చున్న టాయిలెట్‌కి ఉక్కు తాళం బిగించి, పైన ఆయన పేరు, తేదీ చెక్కిన ఇత్తడి పలక కొట్టారు. తాళంచెవి కార్డిఫ్‌లో ఉంది.

రెండోది అలాగే ఉంది. రోజూ పదకొండింటికి డిల్లిస్ ఆ తలుపు ముందుకి వచ్చి, తుడుపుకర్ర నిటారుగా పట్టుకుని, బొంగురు గొంతుతో జాతీయగీతం ఎత్తుకుంటుంది. వరండాలో ఉన్నవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోతారు. స్టాప్‌వాచ్‌తో వచ్చిన మేబన్ గారు కూడా.

ఎఫా ఇప్పుడు సీసా మొత్తం తాగుతోంది.

నెస్టా ప్రాబర్ట్, డెబ్బై నాలుగేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది బారీలో, చేపల వేపుళ్ళ కొట్టు మీద గదిలో.