ఇంటర్వెల్ దాకా ప్రజాభిప్రాయం

"ఆరు వానలు" అనే సినిమా మీద ప్రజలకు ఒక అభిప్రాయం ఉందని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ సంగతి సమాచార మంత్రిగారు విలేకరులను పిలిచి స్వయంగా ప్రకటించారు. ఆ అభిప్రాయం ఏమిటో ఇంకా తెలియదనీ, తెలిశాక మాత్రం పొల్లుపోకుండా అమలు చేస్తామనీ హామీ ఇచ్చారు. తనకే తెలియని దాన్ని అమలు చేస్తానని ముందే మాట ఇవ్వడానికి ఎంత గుండె ధైర్యం కావాలో వేరే చెప్పక్కర్లేదు.

సినిమా పాతకాలపు కథ. నలభై అయిదేళ్ల కిందట ఈ ఊళ్లోనే, వాన పడే సాయంత్రాల్లో, పని నుంచి ఇంటికి పోతున్న ఆడవాళ్లకు గొడుగు పట్టి, నాలుగడుగులు తోడు నడిచి, ఆ పైన గొంతు నులిమేసిన ఒక మనిషి కథ. జనం వాణ్ణి గొడుగుదొర అనేవారు. ఆరుగురు పోయాక ఒక ఇన్‌స్పెక్టరు వాణ్ణి పట్టుకున్నాడు. వాణ్ణి ఉరి తీశారు, ఇన్‌స్పెక్టరుకు పతకం ఇచ్చారు. ఆ ఇన్‌స్పెక్టరు మంత్రిగారి తండ్రి.

"మా నాన్నగారు కాబట్టి నేనీ సినిమాను మెచ్చుకోవడం లేదు," అన్నారు మంత్రిగారు. "అంత గొప్పవాడు కాబట్టే ఆయన మా నాన్నగారయ్యారు." విలేకరులు రాసుకున్నారు. అర్థమవుతుందేమోనని ఒకరిద్దరు రెండోసారి కూడా రాసుకున్నారు.

ఉప ఎన్నిక దగ్గర పడుతోంది. నాలుగు రోడ్ల కూడలిలో నాన్నగారి విగ్రహం పెట్టించాలని మంత్రిగారి కోరిక. తండ్రి విగ్రహాన్ని కొడుకు తనంతట తాను పెట్టిస్తే బావుండదు. ప్రజలు అడిగితే, కాదనలేక పెట్టిస్తే బావుంటుంది. అడిగే పని ప్రజలది. అడిగించే పని సమాచార శాఖలో అభిప్రాయాల ఆఫీసరుది.

అభిప్రాయాల ఆఫీసరు నోట్లో నాలుక లేని మనిషి. సొంత అభిప్రాయం అంటూ లేకపోవడమే ఆ ఉద్యోగానికి అర్హత గనక, ఇన్నేళ్లుగా మంచి పేరుతో నెట్టుకొస్తున్నాడు. ఇంట్లో ఉండేది తనూ, తల్లీ. ఆవిడకు మాత్రం ఒక అభిప్రాయం ఉంది. గొడుగుదొర చంపింది ఆరుగుర్ని కాదు, ఏడుగుర్ని అని. ఆ ఏడో మనిషి ఆవిడ చెల్లెలు. బట్టల షాపులో కుట్టుపని చేసేది. ఒక వానలో ఇంటి మెట్ల దగ్గర పడి ఉంది. పోలీసులు వచ్చి, మెట్ల మీంచి జారిపడిందని రాసుకుని చేతులు దులుపుకున్నారు. ఆఫీసరు అప్పటికి చంటిపిల్లాడు. లెక్కలో ఒకరు తగ్గడం ఏ శాఖలోనైనా జరిగేదేనని పెద్దయ్యాక తల్లికి నచ్చజెప్పబోయాడు. ఆవిడ ఒప్పుకోలేదు. అంతకు మించి అతను అడగలేదు కూడా. ఇంట్లో అభిప్రాయాలు సేకరించమని ఉద్యోగంలో ఎక్కడా చెప్పలేదు.

సినిమా తీస్తున్నారని తెలిసినప్పటి నుంచీ ఆవిడది ఒకటే పోరు, "అందులో పిన్ని ఉంటుందా?" అని. చెల్లెలి ఫోటో ఉన్నదొక్కటీ పోలీసులు పట్టుకుపోయారు, తిరిగివ్వలేదు. రానురాను మొహం మరిచిపోతున్నానని ఆవిడ భయం. ఎవరో ఒకమ్మాయి ఆ వేషం కట్టి, ఆ పేరు పెట్టి పిలిస్తే పలికి, తెర మీద కాసేపు నడిస్తే ఆవిడకు చాలు. ఊరంతా చూస్తుంది, ఏడో మనిషి ఉండేదని ఒప్పుకుంటుంది. ఆఫీసరు ధైర్యం చేసి నిర్మాతకు ఫోన్ చేశాడు. "చూద్దాం సార్," అన్నాడు నిర్మాత. ఆఫీసరు తల్లి దగ్గరికి వచ్చి, ఉంటుందని చెప్పేశాడు.

అభిప్రాయాలు సేకరించడానికి శాఖలో ఒక పద్ధతి ఉంది. ఇంటర్వెల్‌లో సేకరిస్తారు. సినిమా అయ్యాక జనం బళ్ల స్టాండు వైపు తీసే పరుగుకు అడ్డం వెళితే ఆఫీసరు మిగలడు. ఇంటర్వెల్‌లో అయితే పాప్‌కార్న్ లైన్లో కదలకుండా నిలబడి ఉంటారు, తోచక ఏదో ఒకటి చెబుతారు. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ పద్ధతి మారలేదు. ఈ సినిమాలో ఇన్‌స్పెక్టరు ఇంటర్వెల్ తరవాతే వస్తాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఎవరూ ముందుగా చూడలేదు. తన సొంత నాన్నగారి గురించి సినిమా చూసి తెలుసుకోవలసిన ఖర్మ తనకు పట్టలేదని మంత్రిగారు అనుకున్నారు.

మొదటి ఆటకు ఆఫీసరు తల్లిని వెంటబెట్టుకుని వెళ్లి, ఇంటర్వెల్‌లో మైకు పట్టుకుని లైను పక్కన నిలబడ్డాడు. కాలేజీ కుర్రాడు గొడుగుదొర గొడుగు విప్పే స్టైల్ చూడ్డానికి ఇంకో మూడుసార్లు వస్తానన్నాడు. బ్యాంకులో పనిచేసే ఆవిడ ఇంకో మాట చెప్పింది. "పెళ్లయి ఇన్నేళ్లయింది. మా ఆయన నా నెత్తి మీద గొడుగు పట్టిన పాపాన పోలేదు. వాడు ఎంత మర్యాదగా పట్టాడండీ." పక్కనే ఉన్న ఆయన నేల చూపులు చూశాడు. రిటైరైన హెడ్మాస్టరుగారికి వాడి క్రమశిక్షణ నచ్చింది. ఒక్క వాన కూడా నాగా పెట్టలేదనీ, ఈ కాలం పిల్లలు నేర్చుకోవాలనీ అన్నారు. చనిపోయిన వాళ్ల గురించి ఏమంటారని ఆఫీసరు అడిగితే, వాళ్ల రవికలు బావున్నాయనీ, ఆ కాలం కుట్టు ఇప్పుడు రాదనీ ఒకావిడ చెప్పింది.

లైన్లో తల్లి కూడా ఉంది. డ్యూటీ డ్యూటీయే గనక ఆవిడ ముందూ మైకు పెట్టి, ఎలా ఉందని అడిగాడు.

"ఇంకా పిన్ని రాలేదురా," అంది ఆవిడ.

దాన్ని అభిప్రాయం కింద వేయాలో లేదో తెలియక ఆఫీసరు ముందుకు జరిగాడు. ఇంటర్వెల్ తరవాత ఇన్‌స్పెక్టరు వచ్చాడు, మీసం దువ్వాడు, వాణ్ణి పట్టుకున్నాడు, ఉరి తీశారు, లైట్లు వెలిగాయి. పిన్ని రాలేదు. జనం అంతా వెళ్లిపోయేదాకా తల్లి సీట్లోంచి లేవలేదు. బస్సులో కొంతదూరం వచ్చాక, సాయంత్రం ఆటలో ఉంటుందేమో అని నెమ్మదిగా అంది. నిర్మాత చూద్దాం అన్న మాటను తాను ఉంటుంది అని మార్చి చెప్పినందుకు ఆఫీసరుకు ఏడుపు వచ్చినంత పనైంది.

వారం తిరిగేసరికి ఊళ్లోని హాళ్లన్నిటి అభిప్రాయాలూ మంత్రిగారి ముందుకు వచ్చాయి. ఆయన చదువుతున్నంతసేపూ పార్టీ సలహాదారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"మా నాన్నగారి గురించి ఒక్కడూ మాట్లాడలేదా?"

"ఒకాయన అడిగాడండీ," అన్నాడు ఆఫీసరు. "పోస్టర్ మీద మీసాలాయన ఎవరని."

మంత్రిగారి మొహం మాడిపోయింది. మళ్లీ సేకరించమన్నారు, ఈసారి సినిమా అయ్యాక. అప్పుడు సలహాదారు కిటికీ దగ్గర్నుంచి వచ్చి కూర్చున్నాడు. పొల్లుపోకుండా అమలు చేస్తామని ఊరందరి ముందూ చెప్పాం, ఇప్పుడు ప్రజలకు అభిప్రాయం సరిగా రాదంటే ఓట్లు కూడా సరిగా రావు అన్నాడు. ప్రజలకు నచ్చింది గొడుగుదొర. నాన్నగారు పట్టుకున్నది గొడుగుదొరను. అంటే ప్రజలకు అంతగా నచ్చిన మనిషిని వెతికి, పట్టుకుని, వెలుగులోకి తెచ్చిన ఘనత నాన్నగారిది. మంత్రిగారు కాసేపు ఆలోచించి, తండ్రి మీద తనకు గౌరవం రెట్టింపు అయిందన్నారు.

ఆ తరవాత పనులు చకచకా సాగిపోయాయి. ఎన్నికల ప్రచారానికి పార్టీ రంగు గొడుగులు తయారయ్యాయి. ప్రజలు ఎవరూ ప్రస్తావించలేదు గనక సినిమా రెండో సగం కత్తిరించి, ఆ స్థానంలో గొడుగుదొరకు ఒక పాట చేర్చారు. విగ్రహానికి ఇద్దర్నీ కలిపి చెక్కమన్నారు గానీ దిమ్మె మీద ఒక్కరికే చోటు ఉందని శిల్పి చెప్పాడు. చాలాసేపు తర్జనభర్జన పడి, గొడుగుదొరను నిలబెట్టి, అతని భుజం మీద నాన్నగారి చెయ్యి ఒక్కటీ ఉంచడానికి ఒప్పుకున్నారు. చెయ్యికి యూనిఫాం ఉంటుంది. చూడగానే పోలీసుదని తెలుస్తుంది.

ఇక మిగిలింది బాధిత కుటుంబాల సంతోష సభ. పెద్ద హాల్లో ప్రత్యేక ప్రదర్శన, మంత్రిగారి సమక్షంలో. చిక్కల్లా, ఆరు కుటుంబాల్లో ఏ ఒక్కరూ రామన్నారు. ఒకరైతే తలుపు కూడా తీయలేదు. సలహాదారు తల పట్టుకుని కూర్చుంటే, ఆఫీసరు తన జీవితంలో మొదటిసారి అడగకుండా నోరు విప్పాడు. మా పిన్ని కూడా అలాగే పోయిందండీ, లెక్కలో వేయలేదు, ఏడో మనిషి అన్నాడు.

"ఏడు ఎలా అవుతుందయ్యా?" అన్నారు మంత్రిగారు. "సినిమా పేరు ఆరు వానలు. రిజిస్టర్ కూడా అయిపోయింది."

ఆవిడ వస్తుందా అని మాత్రం సలహాదారు అడిగాడు. వస్తుందన్నాడు ఆఫీసరు. అంతటితో, ప్రభుత్వం లెక్కలో ఎన్నడూ లేని ఒక కుటుంబం ఆరు కుటుంబాల తరఫునా సంతోషించడానికి నియమింపబడింది.

ఆఫీసరు ఇంటికి వెళ్లి తల్లికి కబురు చెప్పాడు. "పిలిచారంటే లెక్కలో వేసినట్టే కదరా," అంది ఆవిడ. ఉన్నవాటిలో మంచి చీర తీసి ఇస్త్రీ చేయించుకుంది. కత్తిరించిన సినిమా సంగతి ఆఫీసరు చెప్పలేకపోయాడు.

హాలు కిటకిటలాడింది. పద్ధతి ప్రకారం ఇంటర్వెల్‌లో లైట్లు వేసి, తెర ముందు కుర్చీలు వేశారు. మంత్రిగారు, సలహాదారు, నిర్మాత, చివర్న తల్లి. మంత్రిగారు గొంతు సవరించుకుని, నాన్నగారు వాడి చేతులకు బేడీలు వేసిన రోజు నుంచి ఈ ఊళ్లో ఏ ఆడపడుచూ వానకు భయపడలేదని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. అభిప్రాయాల ఆఫీసరు వచ్చి తల్లి ముందు మైకు పట్టుకున్నాడు. బాగా ఉంది అని ఒక్క మాట చెబితే చాలని పొద్దుటే బతిమాలుకున్నాడు.

ఆవిడ మంత్రిగారి వైపు తిరిగింది.

"మా చెల్లెలు పోయింది ఆ తరవాత కదా బాబూ," అంది. "మీ నాన్నగారికి పతకం ఇచ్చిన ఏడాది. వాణ్ణి ఉరి తీసేశారు కూడా. మీ నాన్నగారే మా ఇంటికి వచ్చారు. చంపేవాడు లేడు గనక మీ చెల్లెలు జారిపడి ఉంటుందమ్మా అన్నారు. మెడ మీద వేళ్ల గుర్తులు చూపించాను. పక్కనే గొడుగు ఉంది. మా ఇంట్లో ఎవరికీ గొడుగు లేదు. ఆ గొడుగూ, మా చెల్లెలి ఫోటో, రెండూ ఆయనే పట్టుకుపోయారు."

ఇన్నేళ్లూ ఆఫీసరు దీన్ని కూడికలో వచ్చిన తప్పు అనుకున్నాడు. పిన్ని పోయింది ఎప్పుడని ఒక్కసారి అమ్మను అడిగి ఉంటే తెలిసేది. మంత్రిగారి నుదుటి మీద చెమట పట్టింది. సలహాదారు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

అంతలో బాల్కనీలోంచి ఒక ఈల వినిపించింది.

"అయితే దొర దొరకలేదురా," అని ఎవడో అరిచాడు. ఇంకో ఈల, ఆ పైన పది. కిందా పైనా జనం లేచి నిలబడి పార్టీ గొడుగులు విప్పి ఊపడం మొదలుపెట్టారు. ఈలలు పెరిగే కొద్దీ మంత్రిగారి మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. చెమట తుడుచుకుని, ఆయన కూడా చప్పట్లు కొట్టారు.

తల్లి చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా కూర్చుంది. తరవాత మైకులోనే అడిగింది, ఇప్పుడైనా మా చెల్లెల్ని లెక్కలో వేస్తారా అని.

నిర్మాత తన కుర్చీ లాక్కుని ఆవిడ పక్కకు వచ్చి, రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"తప్పకుండా వేస్తామమ్మా. మొదటి సీనే ఆవిడది," అన్నాడు. "కానీ ఒక్కరితో రెండో భాగం రాదు. మీ ఎరుకలో ఇంకెవరైనా ఉన్నారా?"