ఎందుకైనా మంచిదని సర్దిన డిక్కీ

కొండ దారిలో ఎవరో పెద్దమనిషి కారు ఆగిపోయి, వానలో ఒంటరిగా ఇరుక్కుపోయాడట. తాగడానికి చుక్క నీళ్లు లేక, అద్దం కడగడానికి బానెట్టు కింద పోసుకున్న నీళ్లే తాగాడట. చలికి ఆగలేక సీటు కవర్లు విప్పి ఒంటికి చుట్టుకున్నాడట. పొద్దున్నే ఆ వేషంతో రోడ్డెక్కి చెయ్యెత్తితే, మొదట వచ్చిన లారీవాడు ఆపకపోగా వేగం పెంచాడట. ఇదంతా పక్కింటి టపా పిన్ని చెప్పింది. ఆవిడకు ఆవిడ తోడికోడలు చెప్పింది. తోడికోడలికి ఎవరు చెప్పారని అడిగే అలవాటు ఆ వీధిలో లేదు. పిన్ని ఏనాడూ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేయలేదు గాని, ఏ ఇంటి కబురు ఏ ఇంటికి చేరాలో ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కనక ఆ పేరు నిలిచిపోయింది.

ఆ కబురును పిన్ని పక్కింట్లో ఉండే లిఫ్టు మెకానిక్కుకు అతని భార్య బట్టలు పెట్టెలో సర్దుకుంటూ చెప్పి, సీటు కవర్ల దగ్గర పడీపడీ నవ్వింది. అతను నవ్వలేదు. ఇరుక్కున్న మనిషి ఎలా ఉంటాడో అతనికి తెలుసు. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోతే ఎంతటి ఆఫీసరైనా ముందు మీటలన్నీ నొక్కుతాడు. తర్వాత పక్కవాణ్ణి తిడతాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి మంచినీళ్లంటాడు. తలుపు సందులోంచి టార్చి వెలుతురు పడేసరికి, ఇంకా బయటికి రాకముందే, ఏడుపు మొహం కాస్తా మనిషి మొహం అవుతుంది. ఒక టార్చి, ఒక సీసా నీళ్లు ముందే దగ్గరుంటే మనుషులు ఎంత మర్యాదగా ఉండగలరో అని అతను ఎన్నోసార్లు అనుకున్నాడు.

పైగా సోమవారం ఆ కొండ దారిలోనే కారు నడపాలి. భార్య లెక్కల పంతులమ్మ. ఆవిడను హెడ్మిస్ట్రెస్‌ను చేసి కొండకు అవతలి ఊరికి వేశారు. ఆర్డరు వచ్చిన రోజే ఆవిడ ఒక్క మాట అడిగింది. "మీ కంపెనీకి అక్కడా ఆఫీసుంది. అక్కడా మేడలున్నాయి, మేడలున్నచోట లిఫ్టులు ఆగకుండా ఉండవు. అడిగితే వేస్తారు. వస్తారా?"

"చూద్దాం" అన్నాడతను.

చూద్దాం అనే మాట పడక్కుర్చీ లాంటిది. కాళ్లు చాపుకుని ఎన్నాళ్లయినా అందులో ఉండిపోవచ్చు. అతను ఉండిపోయాడు. ఆవిడ మరో రెండుసార్లు అడిగి, ఊరుకుని, పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. వెళ్లడానికి అతనికి ఇష్టం లేదనీ కాదు, ఉందనీ కాదు. ఈ ఊళ్లో పాత లిఫ్టులు అతని చెయ్యి పడితేనే కదులుతాయి. అక్కడివి ఎలాంటివో.

ఆదివారం పొద్దున్నే ఆవిడ బడికి, తోటి పంతుళ్లు ఇచ్చే వీడ్కోలు టీకి వెళ్లింది. అతను కారు వాకిట్లోకి తెచ్చి డిక్కీ ఎత్తాడు. స్టెప్నీలో గాలి చూశాడు. జాకీ, కాలిపంపు, తాడు, పార ఒక పక్కకు చేర్చాడు. టార్చిలో కొత్త బ్యాటరీలు వేశాడు. నీళ్ల క్యాను, మందుల డబ్బా, బిస్కెట్లు, ఈల, దుప్పటి, రైన్‌కోటు, తడిస్తే మార్చుకోవడానికి ఒక జత బట్టలు పెట్టాడు. పని చేసేకొద్దీ మనిషికి ముందుచూపు పెరిగిపోతుంది. పళ్లెం, గ్లాసు పెట్టాడు. చివరికి సబ్బు కూడా పెట్టాడు.

సరిగ్గా సబ్బు దగ్గర టపా పిన్ని వచ్చింది.

"ఎక్కడికయ్యా ప్రయాణం?"

"ఇవాళ ఎక్కడికీ కాదు పిన్నీ. ఎందుకైనా మంచిదని."

"దుప్పటి కూడానా?"

"ఎప్పుడైనా కారులోనే పడుకోవలసి వస్తే?"

"ఇంట్లో మంచం ఏమయిందయ్యా?"

"ఇంటికి రాలేని పరిస్థితి వస్తుంది పిన్నీ ఒక్కోసారి. మన చేతిలో ఉండదు."

పిన్ని అతన్ని జాలిగా చూసింది. "అంతదాకా వచ్చిందన్నమాట" అని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, తన ఇంటివైపు కాకుండా మూలమీది దర్జీ కొట్టువైపు నడిచింది. అప్పుడైనా అతనికి అనుమానం రావలసింది. ఈల ఏ జేబులో పెడితే చెయ్యి అందుతుందా అన్న ఆలోచనలో ఉన్నాడు.

కాసేపటికి దర్జీ మెడలో టేపుతో సహా వచ్చి, కారు కొనేవాడిలా చుట్టూ తిరిగాడు.

"పార ఎందుకండీ?"

"బురదలో దిగబడితే తవ్వొద్దూ?"

"మరి తాడో?"

"లాగడానికి."

"ఎవర్నండీ?"

"ఎవరు దొరికితే వాళ్లచేత లాగించుకోవడమే. అప్పటి అవసరాన్నిబట్టి."

దర్జీ ఒక అడుగు వెనక్కి వేసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. పిన్ని చెప్పినప్పుడు అది అలిగి వెళ్లిపోతున్న భర్త కథ. దర్జీ కొట్టు దాటేసరికి అందులో పార కలిసింది. పార కలిసిన ఏ కథా చిన్నగా ఉండదు. వీధి చివరికి చేరేసరికి, భార్య హెడ్మిస్ట్రెస్ అయిందని ఓర్వలేని మొగుడు ఇంట్లో ఉన్నదేదో ఎక్కడో పాతిపెట్టి బిచాణా ఎత్తేస్తున్నాడని తేలింది. పక్క వీధిలో టైర్ల కొట్టు నడిపే బావమరిది చెవిన ఆ రూపంలో పడింది.

బావమరిది స్కూటరు మీద వచ్చి, స్టాండు వేసి, పలకరింపు కూడా లేకుండా కారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. బుస్సుమని చప్పుడు వచ్చింది.

"ఏం చేస్తున్నావురా?"

"గాలి తీస్తున్నాను బావా."

"అదే, ఎందుకని."

"అక్క వచ్చేదాకా ఈ కారు కదలడానికి వీల్లేదు."

"నేనెక్కడికీ వెళ్లడం లేదురా బాబూ."

"వెళ్లనివాడు సబ్బు పెట్టుకుంటాడా?" అని బావమరిది రెండో చక్రం దగ్గరికి జరిగాడు.

ఈ లోపల జనం చేరారు. ఆదివారం కావడంతో ఎవరికీ తొందర లేదు. మొగుడూ పెళ్లాలన్నాక మాటా మాటా రావడం మామూలేనని ఒకరన్నారు. "కోపం వచ్చిన మగాడు వీధి చివరిదాకా పోయి తిరిగొస్తాడు గాని, పళ్లెం పట్టుకుపోతాడా?" అంది పిన్ని. అతను టార్చి చూపించి, ఈల చూపించి, కొండ దారి సంగతి చెప్పబోయాడు. సీటు కవర్లు చుట్టుకున్న మనిషి కథ ఎత్తుకునేసరికి పిన్ని, "ఎవరయ్యా నీకు చెప్పింది ఆ కట్టుకథ?" అంది. అతను ఈలను మళ్లీ డిక్కీలో పెట్టేశాడు.

అంతలో భార్య వచ్చింది. చంకలో తోటి పంతుళ్లు ఇచ్చిన గోడగడియారం ఉంది. కూలబడ్డ కారును, చేరిన వీధిని, చేతులు నలుపుకుంటున్న తమ్ముణ్ణి చూసింది. అందరూ ఒక్కసారే చెప్పారు. అరుస్తున్న తరగతిలోకి నడిచి వెళ్లడం అలవాటున్న మనిషి. అన్నీ విని, గడియారం తమ్ముడి చేతిలో పెట్టి, నవ్వడం మొదలుపెట్టింది.

"ఈయనా పారిపోయేది? సినిమాకి టికెట్లు కొనడానికే ఈయనకి రెండు వారాలు పడుతుంది. పిన్నిగారూ, ఇలా రండి. ఇది తాడు. కారుని లాగడానికి. ఇది పార. బురద తియ్యడానికి. దర్జీగారూ, మీరూ చూడండి, మళ్లీ చెప్పను." ఒక్కొక్క వస్తువూ పైకెత్తి పాఠంలా చెప్పుకుపోయింది. దర్జీ మొహం వేలాడేసుకున్నాడు. బావమరిది గడియారం స్కూటరు మీద పెట్టి, డిక్కీలోంచి కాలిపంపు తీసి, తాను తీసిన గాలి తానే కొట్టడం మొదలుపెట్టాడు. సర్దిన సామాన్లలో ఆ రోజు పనికొచ్చిందల్లా ఆ పంపే. గండం గడిచిందని మెకానిక్కుకు ప్రాణం లేచొచ్చింది. రేపు ప్రయాణంలో నవ్వుకోవడానికి ఒక కథ కూడా దొరికింది.

"ఇది దుప్పటి" అంది ఆవిడ. "చలేస్తే కప్పుకోవడానికి." మడత విప్పి చూసింది. కింద ఇంకోటి ఉందేమోనని తడిమింది. రైన్‌కోటు ఎత్తింది. గ్లాసు తీసింది. పళ్లెం తీసి, దానికింద అంటుకుని మరోటి ఉందా అన్నట్టు తిప్పి చూసింది. పాఠం ఆగిపోయింది.

"రెండో పళ్లెం ఏదండీ?"

వీధి మొత్తం అతనివైపు తిరిగింది. అతను లోపలికి తొంగిచూశాడు. పొద్దుటినుంచి తన చేత్తో తాను సర్దినదే. అప్పుడే చూస్తున్నట్టుంది.

"వెళ్లేటప్పుడు నువ్వుంటావు కదా" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు పక్కనుంటే దారిలో ఏదైనా అవుతుందని నాకు తట్టనే లేదు. తిరిగొచ్చేటప్పుడే కదా ఒక్కణ్ణి."

ఆ మాట వీధికి ఎంతో నచ్చింది. దర్జీ తల పంకించాడు. టపా పిన్ని కళ్లొత్తుకుని, ఇది ఎవరికి మొదట చెప్పాలా అన్నట్టు అటూ ఇటూ చూసింది. బావమరిది కూడా కాలు ఆపి, బావను మెచ్చుకోలుగా చూశాడు. ఆవిడ పళ్లెం ఎక్కడిది అక్కడ, దుప్పటి మీద పెట్టింది.

"తిరిగి రావాలని మాత్రం తట్టింది" అంది.