చెక్ ఇన్ అయిన వరలక్ష్మి

తొర్రూరులో కిరాణా హోల్‌సేల్ దుకాణం నడిపే వెంకట్రాజం ఆ ఉదయం ఒక్కటే పని పెట్టుకున్నాడు. భార్య విమానం టికెట్టు రద్దు చేయించి, వచ్చి దుకాణం తెరవాలి. కాశీకి రెండు టికెట్లు మూడు నెలల కిందటే కొన్నాడు. పందొమ్మిది రోజుల కిందట వరలక్ష్మి పోయింది. ఎల్లుండి ఆమె అస్థికలతో ఆయన ఒక్కడే వెళ్లాలి.

చెప్పులు వేసుకుంటుండగా అలమరలో ఆమె ఫోన్ మోగింది. దాన్ని ఆపే ధైర్యం ఎవరికీ లేక కూతురు ప్రసూన రోజూ ఛార్జింగ్ పెడుతోంది.

"ఎవరు బిడ్డా?"

"విమానమోళ్లు, బాపు. 'వరలక్ష్మి గారూ, మీ కోసం ఎదురుచూస్తున్నాం' అని పెట్టిండ్రు."

ఆయన బయటికి నడిచాడు.

టికెట్లు అమ్మిన సదానందం కొట్టు బస్టాండు ఎదురుగా ఉంది. టికెట్టు రద్దు చేయమంటే ఆయన తల గోక్కున్నాడు.

"సేటు, అన్నిట్ల తక్కువ రేటుదే కావాలని మీరే కూసున్నరు. ఒకటే విమానం, ఒకటే తీరు సీటు. కానీ రేటును బట్టి టికెట్టు మీద ఒక అక్షరం పడతది. మీ అక్షరానికి పైసలు వాపసు లేవు, తేదీ మారది. పేరైతే ఏ అక్షరానికీ మారది."

"ఒకటే బస్తా మిర్చికి పది రేట్లా?"

"గంతే. వాపసు ఇచ్చే హక్కు కావాలంటే ఎక్కువ పెట్టాలె. మీరు వద్దన్నరు."

"నేను పైసలు అడుగుతలేను. ఆమె పేరు తీసెయ్, చాలు."

సదానందం కంప్యూటర్ వంక చూసి చేతులు వెనక్కి లాక్కున్నాడు. "నాతోని కాదు సేటు. అక్క ఇప్పుడే చెక్ ఇన్ అయింది, వస్తున్నట్టు లెక్క. పదకొండు ఏ, కిటికీ పక్కది."

ఇంటికొచ్చి అడిగితే ప్రసూన ముఖం పాలిపోయింది. "నీదే అనుకొని నొక్కిన బాపు. ఇద్దరి పేర్లు ఒక్కకాడనే ఉన్నయ్."

"కిటికీ సీటు ఎందుకు పెట్టినవ్?"

"నేను సీటే నొక్కలె."

ఆ ఇంట్లో స్కూటర్ నుంచి గ్యాస్ దాకా ప్రతి రసీదులో ముందు వరలక్ష్మి పేరు, తర్వాతే ఆయన పేరు. ఆమె పేరు ముందుంటే కలిసొస్తుందని పెళ్లయిన ఏడాదే మొదలైన పద్ధతి. విమానం టికెట్టూ అలాగే తీసుకున్నారు.

ఎల్లుండి రానే వచ్చింది. విమానాశ్రయానికి బస్సులో పోవాలి. కుదుపులకు భయపడి, ఎర్రబట్ట కట్టిన చిన్న అస్థికల కుండను ఆమె చీరల మధ్య ఒత్తి పెట్టెలో పెట్టాడు. మరణ ధ్రువపత్రమూ అందులోనే పెట్టాడు. కండక్టర్ వచ్చినప్పుడు అలవాటుగా "రెండు" అన్నాడు. బస్సు జనగామలో కిక్కిరిసిపోయింది. అయినా ఆయన పక్క సీటు దగ్గరికి వచ్చిన వాళ్లంతా ఒక్క క్షణం ఆగి, ఏమీ అడగకుండా వెనక్కి వెళ్లి నిలబడ్డారు.

విమానాశ్రయంలో జరిగింది చెప్పేద్దామనే వెళ్లాడు. పెట్టెలు అప్పగించే చోట ఒకామె "ఇద్దరేనా సార్?" అంది. ఆయన తల ఊపాడు. ఆమె పోయిందన్న ఒక్క మాట ఇన్ని రోజులుగా ఆయన నోటి నుంచి బయటికి రాలేదు. బంధువులకు ఫోన్లు కూడా ప్రసూనే చేసింది. యంత్రం పెట్టెకు చీటీ అంటించింది. చీటీ మీద మొదటి పేరే వచ్చింది.

విమానం ఎక్కేచోట మైకులో పిలుపు మొదలైంది. "ప్యాసింజర్ వరలక్ష్మి, ఎక్కడున్నా వెంటనే రాగలరు." మూడోసారి పిలిచేసరికి వెంకట్రాజం కూడా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

గేటు దగ్గర సుష్మిత అనే పేరు బిళ్ల పెట్టుకున్న అమ్మాయి ఆయన్ని ఆపింది. "సర్, మీతో వచ్చిన మేడమ్ ఎక్కడ? ఆవిడ పెట్టె లోపలికి ఎక్కింది, ఆవిడ ఎక్కలేదు. మనిషి రాకపోతే పెట్టె దించేస్తాం."

వెంకట్రాజం చెయ్యి అడ్డం పెట్టాడు. "దించకు బిడ్డా. ఆమె పెట్టెలనే ఉన్నది."

సుష్మిత రెండడుగులు వెనక్కి వేసింది. "పెట్టెలో... మేడమ్ ఉన్నారా?"

"ఉన్నది."

ఆమె చేతిలోని వాకీటాకీలో ఆ మాట అవతలికి పాకిపోయింది. ఇద్దరు భద్రతాధికారులు పరుగెత్తుకొచ్చారు. వరుసలో ఉన్నవాళ్లు దూరం జరిగారు.

"పెద్దాయనా, ఆమె బతికే ఉందా?" అన్నాడు పెద్ద అధికారి.

ఇక తప్పించుకునే దారి లేదు. "సచ్చిపోయింది," అన్నాడు వెంకట్రాజం మొదటిసారి. "ఇరవై ఒక్క రోజులైతంది."

"ఇరవై ఒక్క రోజుల నుంచి పెట్టెలోనా?"

"కాదు సారు. పొద్దుగాలనే పెట్టిన."

మరో ఇద్దరు అధికారులు పెట్టె దించి తెచ్చారు. నలుగురు అధికారులు గుండ్రంగా నిలబడగా తాళం తీశాడు. చీరలు, కుండ, ధ్రువపత్రం బయటపడ్డాయి. పెద్ద అధికారి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆమె పేరున్న చీటీ కత్తిరించి, పెట్టెను ఆయన పేరు మీద మళ్లీ ఎక్కించి, కుండను ఆయన చేతికిచ్చారు. సుష్మిత ఏదో నొక్కి, "మేడమ్ పేరు తీసేశాను సర్," అంది నెమ్మదిగా.

విమానంలో వెంకట్రాజం కుండను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ దగ్గర ఖాళీ ఉంది. ఆమెకు మేఘాలు చూపించాలని కుండను కొంచెం అటు జరిపాడు. అప్పుడే రొప్పుకుంటూ ఒకాయన వచ్చాడు.

"జరగండి సార్, నాది కిటికీ సీటు. ఎవరో రాలేదట, ఇప్పుడే ఇచ్చారు. నాలుగింతలు వసూలు చేశారు."

వెంకట్రాజం లేచి దారి ఇచ్చాడు. నాలుగింతలు పెట్టిన ఆ మనిషి కిటికీ తెర కిందికి లాగి, విమానం లేవకముందే నిద్రపోయాడు.