పదో పిల్ల కోసం మంద

ఈ దేశంలో బిడ్డ పుడుతూనే పౌరుడవుతాడు. విద్యార్థి కావాలంటే మాత్రం పక్కన ఇంకో తొమ్మిది మంది కూర్చోవాలి.

ఈ మహత్తర సూత్రాన్ని మాకు బోధించినవారు విద్యార్థి సంఖ్యా సమతుల్యతాధికారి ధనుంజయ గారు. (అలాంటి పదవి ఒకటుందని కూడా ఆయనే చెప్పారు.) పుంగనూరు పక్క మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఉన్నది తొమ్మిది మందే. పదో తల లేకపోతే బడి మూత. పిల్లలు రోడ్డవతలి ఊరి బడికి పోవాలి. రోడ్డంటే బెంగుళూరు లారీలు పోయే రోడ్డు.

"ఐదేండ్ల పిల్లోళ్లు ఆ రోడ్డు ఎట్ల దాటేదప్పా?" అంది రెడ్డెమ్మ. ఆమె మనవరాలు ఒకటో తరగతి.

"దాటడం కూడా ఒక నైపుణ్యమేనమ్మా" అన్నారు అధికారి.

అని, ట్యాబులో పిల్లల సామాజిక వివరాలు నింపుకున్నారు. (ఇంట్లో కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే పిల్లలకు గడి లేనందున, వాళ్లకు మాతృభాష లేదని నమోదైంది.)

పదో పిల్ల లేకపోలేదు. గొర్రెల చిన్నప్ప కూతురు భార్గవి. అయితే మంద ఎక్కడుంటే ఆ సంసారం అక్కడ. ఎరువు కోసం పొలంలో మందను ఆపించుకున్న రైతే వాళ్లకు తిండి పెడతాడు.

"మందను బడికాడే ఆపుదాం. కూడు ఊరోళ్లం పెడదాం" అంది రెడ్డెమ్మ.

సుమలత టీచరు తల పట్టుకుంది. "ఇది బడమ్మా!"

"మూసేస్తే ఎట్లాగూ దొడ్డే అవుతాది. ముందే మనం దొడ్డి చేసుకుంటే బడన్నా మిగుల్తాది."

నిమ్మనపల్లె వైపున్న చిన్నప్ప మందతో సహా దిగాడు. ఆవరణంతా చూశాడు.

"ఈడ గడ్డి యాడుండాదమ్మా?"

"నీ బిడ్డకు సదువుండాది, సాల్దా?" అంది రెడ్డెమ్మ.

"దానికి సరే, గొర్రెలకు?"

"వాటికీ సెప్పిస్తాంలే. ఇనేదాంట్లో నీకన్నా మేలు."

భార్గవి బడిలో చేరింది. పది నిండాయి. ఊరు ఊపిరి పీల్చుకుంది.

తనిఖీకి వచ్చిన ధనుంజయ గారు పిల్లలను లెక్కపెట్టలేదు. (మనిషి లెక్కపెడితే చెల్లదు.) గేటు దగ్గర నిలబడి ఆవరణను ఫోటో తీశారు. తలలు యాప్ లెక్కపెట్టుకుంది. దాని నివేదిక ప్రకారం ఈ ప్రాంగణంలో పిల్లలు అల్పసంఖ్యాకులు.

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. బడిని రోడ్డవతలి బడిలో కలిపారు. భవనాన్ని గొర్రెల వైద్య కేంద్రానికి ఇచ్చారు. కారణం కింద ఇలా రాసి ఉంది: "వైద్యం కోసం మూగజీవాలను ఆ రోడ్డు దాటించడం ప్రమాదకరం."