మెట్ల కింద వినయం

వరద నీళ్లు పెద్దాఫీసు మూడో మెట్టు దాకా వచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడి వెనక్కి వెళ్లిపోయిన ఏడాది, మంత్రిగారు ఒక గొప్ప ప్రకటన చేశారు.

"చోటును బట్టే మనిషి. అణగారిన మనిషికి చోటిచ్చి చూడండి, ఆత్మగౌరవం దానంతటదే వస్తుంది. అందుకే ప్రతి ఆఫీసులోనూ ఒక ఆత్మగౌరవ గది!"

పెద్దాఫీసులో ఖాళీ గది లేదు. ఉన్నవాటిలో ఆఫీసరుగారి ఆత్మగౌరవం, ఆయన ఫైళ్ల ఆత్మగౌరవం ఇరుకిరుగ్గా సర్దుకుంటున్నాయి. వెతగ్గా వెతగ్గా మెట్ల కింద సందు తేలింది.

ఆ సందులో అప్పటికే ఊడ్చేవాడు ఉంటున్నాడు. ఏళ్ల తరబడి చీపుళ్లు, బక్కెట్ల పక్కన ముడుచుకు కూర్చుని పైనుంచి పిలుపు కోసం కాచుకునేవాడు. మెట్లు ఏటవాలుగా దిగినట్టే అతని నడుమూ ఏటవాలుగా వంగిపోయింది. బయటికొచ్చినా తిన్నగా అయ్యేది కాదు. ఆఫీసులో అందరూ దాన్ని వినయం అనుకున్నారు. కొన్నాళ్లకు అదే అతని పేరైంది. వరదలో గుడిసె కొట్టుకుపోయాక పెళ్లాన్నీ అక్కడికే తెచ్చుకున్నాడు. ఆ మెట్లు తప్ప వాళ్ల నెత్తిమీద ఇంకో కప్పు లేదు.

"వినయం, నీ పంట పండిందిరా!" అన్నారు ఆఫీసరుగారు. "మంత్రిగారు స్వయంగా వచ్చి తాళంచెవి చేతిలో పెడతారు. ఇక ఆ చోటు నీదే. ఎవడూ లేపడు."

"చిత్తం అయ్యా," అన్నాడు వినయం, నేలతో చెప్పినట్టు.

ఆఫీసరుగారు సందులోకి తొంగిచూడబోయి నుదురు గుద్దుకున్నారు. అప్పుడు తట్టింది ఆయనకి. గది పనికి వచ్చిన మేస్త్రీని కేకేశారు.

"మేస్త్రీ! ఇందులోకి మంత్రిగారు ఎలా వెళ్తారయ్యా?"

"వంగి వెళ్తారండి."

"మంత్రిగారు వంగడమా! చీపుళ్ల ముందా! ఆ ఫొటో పేపర్లో పడితే నా ఉద్యోగం ఉంటుందా? కప్పు లేపెయ్."

"కప్పంటే మెట్లేనండి. లేపేస్తే తమరు పైకెళ్లలేరు."

"అయితే నేల దించెయ్."

నేల దించారు. మనిషి లోతు తవ్వి, సిమెంటు పోసి, దిగడానికి మెట్లు కట్టారు. ఆత్మగౌరవం ఇంత లోతుగా ఉంటుందనుకోలేదని ఆఫీసరుగారే మెచ్చుకున్నారు.

సిమెంటు ఆరాక మొగుడూ పెళ్లాం అందులోకి దిగారు. మొదట నడుము నమ్మలేదు. పైన ఏదీ తగలదని దానికి తెలిసిరావడానికి కొన్నాళ్లు పట్టింది. తర్వాత చాలాకాలం మూసి ఉంచిన తలుపులా కిర్రుకిర్రుమంటూ లేచింది.

పెళ్లాం చేతిలో చెంబు వదిలేసింది.

"అమ్మ బాబోయ్! ఏమయ్యా, నువ్వింత పొడుగా?"

"ఏమోనే. నేనూ ఇప్పుడే చూడటం."

"పొట్టోణ్ణి కట్టుకున్నావని మా అక్క ఇన్నేళ్లూ నన్ను దెప్పి చంపిందే! దాన్నోసారి రమ్మనాలి."

"తాళంచెవి చేతికి రానీ. అప్పుడు పిలుద్దువుగాని."

ప్రోగ్రాం రోజున మంత్రిగారు వచ్చారు, వెంట ఫొటోలవాళ్లు వచ్చారు. "వినయం! రారా!" అని ఆఫీసరుగారు తియ్యగా పిలిచారు. వినయం గదిలోంచి పైకి వచ్చాడు. ఇంకా వచ్చాడు. వచ్చి నిలబడేసరికి మంత్రిగారు మెడ ఎత్తి చూడాల్సి వచ్చింది.

"ఏంట్రా అది? వంగు!" అన్నారు ఆఫీసరుగారు పళ్ల సందుల్లోంచి. "చోటు కావాలా వద్దా?"

కావాలి. వినయం కొంచెం వంగాడు. వెనకనుంచి పెళ్లాం చొక్కా పట్టుకుని గట్టిగా లాగింది. మళ్లీ నిలబడ్డాడు.

"ఇతనేనా అణగారిన మనిషి?" అన్నారు మంత్రిగారు అనుమానంగా. "అణిగినట్టే లేడే. ప్రతిపక్షం పంపిన మనిషేమో కనుక్కున్నారా?"

"కాదు సార్... అంటే, అవును సార్... అంటే..."

అంటూనే ఆఫీసరుగారు రెండు చేతులూ నలుపుకుంటూ నడుము దగ్గర సగానికి మడతపడ్డారు. ఎందరో మంత్రుల ముందు ఇస్త్రీ అయిన మడత అది. నలగకుండా పడింది.

మంత్రిగారి మొహం విప్పారింది. "అదీ వినయమంటే! చూడగానే పోల్చుకున్నాను," అని తాళంచెవి ఆఫీసరుగారి చేతిలో పెట్టి భుజం తట్టారు. "ఇక ఈ చోటు నీదేనయ్యా. రేపు పొద్దున్నే మావాళ్లొచ్చి నువ్వు గదిలో సుఖంగా ఉన్నావో లేదో చూసి వెళ్తారు."

ఫొటోలు టపటపా పడ్డాయి. మంత్రిగారి మాటను మంత్రిగారి ముందు కాదనడం సర్వీసు రూల్స్‌లో లేదు.

"చిత్తం సార్," అన్నారు ఆఫీసరుగారు, నేలతో.

సాయంత్రం ఆయన మెట్ల కింద గదికి తాళం వేసుకుని ఇంటికి వెళ్లిపోయారు. మొగుడూ పెళ్లాం మూటతో మెట్ల మీద మిగిలారు.

"ఇప్పుడెక్కడికయ్యా?"

"తెల్లారనీ."

తెల్లారింది. అతను ఎప్పట్లాగే పైన ఆఫీసరుగారి గది ఊడ్చాడు. ఊడ్చాక ఆఫీసరుగారి కుర్చీ, బల్ల, ఫైళ్లు, ముఖం తుడుచుకునే తువ్వాలు ఒక్కొక్కటే మోసుకొచ్చి మెట్ల కింద గది గుమ్మంలో పెట్టాడు.

"ఏంట్రా ఇదంతా?" అన్నారు కారు దిగిన ఆఫీసరుగారు.

"తమరి సామానేనయ్యా. మంత్రిగారి మనుషులు గేటు దాకా వచ్చేశారు."

ఆఫీసరుగారు గేటు వైపు చూశారు. పేపర్ల కట్ట పట్టుకుని ముగ్గురు వస్తున్నారు. పై పేపరు మీద ఆయన ఫొటోయే ఉంది, మడతతో సహా. ఆయన గబగబా తాళం తీసి కిందికి దిగారు.

అతను మూట తీసుకుని పైకి వెళ్లాడు. గదిలో పెళ్లాం కిటికీలన్నీ తీస్తోంది. గది నడిమధ్య నిలబడి, చెయ్యి పైకి చాచి చూశాడు.

కప్పు అందలేదు.