పద్నాలుగేళ్ల లెక్క

ఆదివారం పొద్దున పది గంటలకు కాలనీ హాల్లో సైన్సు మాస్టారు సోలార్ లెక్కలు చెప్పాలి. ఆయన మాట విని ముప్పై కుటుంబాలు ప్యానెళ్లు పెట్టించుకోవాలో వద్దో తేల్చుకుంటాయి. మాస్టారు బోర్డు మీద రెండు గళ్లు గీశారు. 'ఇలా వాడాలి' కింద తన ఇంటి నంబరు, 'ఇలా వాడకూడదు' కింద పక్కింటి నంబరు రాశారు. పక్కిల్లు సొంత బావమరిదిది. టైలరు పని చేసే ఆ మనిషి ముందు వరసలోనే తల దించుకుని కూర్చున్నాడు.

"ఇద్దరివీ మూడు కిలోవాట్లే. ఒకే రోజు బిగించారు. ఇంటికి లక్షా ఎనభై వేలయింది. నా ఫోన్లో సోలార్ యాప్ చూడండి, రోజుకు పన్నెండు యూనిట్లు. యూనిట్‌కు ఏడు రూపాయల చొప్పున ఆరేళ్లలో పెట్టిన డబ్బు వెనక్కొస్తుంది. మావాడి ఫోన్లో ఐదే. పద్నాలుగేళ్లు పడుతుంది."

ఆరు నెలలుగా ఇదే పాట. ప్యానెళ్ల మీద నీడ పడుతోందని మాస్టారు చెప్తే బావమరిది వాటర్ ట్యాంకు జరిపించాడు, పిట్టగోడ కొట్టించాడు. ఐదు ఐదుగానే ఉంది.

"కానీ బావా, నాకు కరెంటు బిల్లు రావడమే లేదు," అని నసిగాడతను.

"మీటరు చెడిపోయుంటుంది. బయట అనకు, పరువు పోతుంది."

"మరి మీకు అంతంత బిల్లు..."

"మీ అక్క ఇస్త్రీపెట్టె పుణ్యం."

వెనక వరసలో మాస్టారి భార్య చీర ముడతలు చేత్తో సాపు చేసుకుంది. మూడు నెలలుగా ఇస్త్రీపెట్టె ముట్టకుండా ఆమె నలిగిన బట్టలే కడుతోంది.

లోపం ఎక్కడుందో అందరి ముందూ తేల్చాలని మాస్టారు ప్యానెళ్లు బిగించిన మెకానిక్కును కూడా పిలిపించారు. అతను బావమరిది ఇంటికెళ్లి ఫోన్ చేశాడు. "ఇన్వర్టరు ఆపి చూస్తున్నా సార్."

బల్ల మీద రెండు ఫోన్లూ ఆ క్షణాన తయారవుతున్న కరెంటు చూపిస్తూ పక్కపక్కనే ఉన్నాయి. బావమరిది ఫోన్లో అంకె కదల్లేదు. మాస్టారి ఫోన్లో సున్నా పడింది.

"నాది కాదయ్యా, వాడిది ఆపు."

"ఆపింది ఆయనదే సార్." అన్నాడు మెకానిక్కు. "ఆ రోజు రెండు ఫోన్లూ నా చేతిలోనే ఉన్నాయి. యాపులు తారుమారుగా ఎక్కించినట్టున్నాను."

ఐదు యూనిట్లు ఎవరివో హాల్లో ఎవరూ అడగలేదు. అడక్కపోవడమే మాస్టారికి చెంపదెబ్బలా తగిలింది.

"రోజూ పొద్దున్నే ప్యానెళ్లు నా చేత్తో తుడుస్తానే," అన్నారు గొణుగుతున్నట్టు.

"శుభ్రంగా తుడుస్తారనేగా, మీరు బడికెళ్లగానే దుప్పట్లు వాటి మీద ఆరేస్తున్నా," అంది భార్య. "దండెం మీదైతే దుమ్ము పడుతుందని మీరే అన్నారు."

బావమరిది నవ్వుతాడనుకున్నారు మాస్టారు. నవ్వినా బాగుండేది. అతను లేచొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "పర్లేదు బావా. పద్నాలుగేళ్లు ఎంతలో గడుస్తాయి."

జనం వైపు చూడలేక మాస్టారు బోర్డు వైపు తిరిగారు. రెండు నంబర్లూ తుడిచి, 'ఇలా వాడాలి' కింద బావమరిది ఇంటి నంబరు, 'ఇలా వాడకూడదు' కింద తన నంబరు రాశారు.

మిగతా లెక్కలో ఒక్క అంకె కూడా మార్చాల్సిన పని పడలేదు.