బాలన్న మూడు చుట్లు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు: చేనికి పోకుండా తలకు నీళ్ళు పోసుకుని కూర్చున్న ఓబులేసు, పొయ్యి దగ్గర అతని భార్య నరసమ్మ, పదో తరగతి పాసైన వాళ్ళ కూతురు హేమావతి, కొడుకులు లేని ఇళ్ళకు ప్రభుత్వం కొడుకునిచ్చే పథకం కింద రెండేళ్ళ కిందట వచ్చిన ఉడుము. మూతి నుంచి తోక కొస దాకా నాలుగున్నర అడుగులు. తాత పేరే పెట్టుకున్నారు, బాలన్న అని.

ఊళ్ళో అలాంటి కొడుకులు పదకొండు మంది ఉన్నారు. మొదట్లో జనం గోడలెక్కి చూసేవాళ్ళు. ఇప్పుడెవరూ చూడరు. రేషన్ కార్డులో బాలన్న పేరు హేమావతి పేరుకు పైన ఉంది. ఎండ పడే గది కొడుక్కే ఇవ్వాలని నిబంధన కాబట్టి, ఆమె పడక వసారాలో వేరుశనగ మూటల పక్కకు మారింది.

పోషణ అంతా హేమావతిదే. పొద్దున ఎండలో ఒళ్ళు కాగనిదే బాలన్నకు తిన్నది అరగదు. వారానికి మూడుసార్లు ఎలుకో చేపో కోడిపిల్లో ఎముకలతో సహా పెట్టాలి. గుడ్లు ఎక్కువైతే కొవ్వు పడుతుంది. కుబుసం విడిచే రోజుల్లో తొట్టిలో నానబెట్టి వేళ్ళ చివర మిగిలిన పొర తీయాలి, లేకపోతే వేళ్ళు ఎండి రాలిపోతాయి. ఇవన్నీ ఆమె నోటుబుక్కులో తేదీ వేసి రాసేది. ఎవరికీ చెప్పనివి కూడా అందులోనే రాసేది. తిండి అయ్యాక బాలన్న నాలుకతో తన మణికట్టు తాకి చూస్తాడని రాసింది. పోయిన నెల గది మూల మట్టి కదిపితే పదమూడు తెల్లటి గుడ్లు కనిపించాయనీ, మళ్ళీ కప్పేశాననీ రాసింది.

శాఖవాళ్ళిచ్చిన పుస్తకం చివరి పేజీలో, ఆడదని తేలిన ఉడుమును వెంటనే వెనక్కి తీసుకుంటారని ఉంది. తీసుకుని ఏం చేస్తారో లేదు. వెనక వీధిలో ఒకదాన్ని గోనెసంచిలో కట్టి జీపులో పడేయడం హేమావతి చూసింది.

పట్నంలో హాస్టలున్న కాలేజీలో ఆమెకు సీటొచ్చింది. సోమవారం లోపల చేరాలి. సంచీ సర్దుకుని మూటల వెనక పెట్టుకుంది. అడ్డల్లా బాలన్న తిరగాల్సిన మూడు చుట్లే.

పథకం పెట్టిందే తలకొరివి కోసం. ఏడాదికొకసారి పరిశీలకుడు వస్తాడు. తండ్రి చాప మీద శవంలా పడుకోవాలి, కొడుకు వీపున నీళ్ళకుండతో మూడు చుట్లు తిరగాలి. పోయినేడు బాలన్న కదలకపోతే హేమావతి గుడ్డు చూపిస్తూ ముందు నడిచింది. ఆ ఒక్క పొరపాటుతో అతనికి అలవాటైపోయింది. తను లేకపోయినా తిరగాలని, నెల రోజులుగా ఆమె అతనికి ఒంటరిగా నడవడం నేర్పుతోంది.

పరిశీలకుడు రుద్రమూర్తి పది గంటలకొచ్చి, మజ్జిగ తాగి, "పండుకో ఓబులేసూ" అన్నాడు.

ఓబులేసు దక్షిణానికి తలపెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"కొత్త చొక్కా మాసిపోతాది, ఇప్పి పండుకోగూడదా?" అంది నరసమ్మ.

"సచ్చినోన్ని మాట్లాడియ్యొద్దు" అన్నాడు ఓబులేసు.

బాలన్న వీపున చెంబంత కుండ కట్టారు. మొదటి చుట్టు బాగానే తిరిగాడు. హేమావతి చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. రెండో చుట్టు సగంలో, తండ్రి పాదాల దగ్గర బాలన్న ఆగిపోయాడు. తలెత్తి నాలుక ఆడిస్తూ ఆమె కోసం వెతికాడు. కుండ చిల్లిలోంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి.

"సగం కొడుకని రాసుకునేకి మా కాగితంలో గడి లేదు" అన్నాడు రుద్రమూర్తి.

"మ్మేయ్ హేమా," కళ్ళు తెరవకుండానే అన్నాడు తండ్రి, "ముందర నడువు."

ఆమె నడిచింది. చేతిలో గుడ్డు లేదు. అయినా బాలన్న వెంట వచ్చాడు. మూడో చుట్టులో కుండ ఒక పక్కకు ఒరిగితే ఆమె చెయ్యి చాపింది.

"కుండ ముట్టుకోవద్దు పాపా" అన్నాడు రుద్రమూర్తి. "ముందర నడిస్తే తప్పు లేదు. కుండ మాత్రం కొడుకే మోయాల."

చుట్లు పూర్తయ్యాయి. ఓబులేసు లేచి చొక్కా దులుపుకున్నాడు. రుద్రమూర్తి కాగితం తీశాడు.

"పాప లేందే వీడు నడవడు. అంటే పాప ఇంటికాడే ఉండాల. ఓబులేసు ఎప్పుడు పోతాడో మనం చెప్పలేం కదా."

"యాడికి పోతాదిలే సార్" అంది నరసమ్మ, మూటల వైపు చూడకుండా.

"ఎన్నేండ్లు బతుకుతాడు సార్?" హేమావతి ఆ రోజు నోరు విప్పడం అదే మొదలు.

"బాగా చూసుకుంటే ఇరవై. నువ్వు బాగా చూసుకుంటాండావు, ఒళ్ళు చూస్తేనే తెలుస్తాంది." అతను కాగితం తిప్పాడు. "ఆఖరిది. మగదేనా? మొన్న పక్క మండలంలో మూడు ఆడవి బయటపడినాయి. రోజూ చూసేదానివి, నువ్వే చెప్పు."

వాకిట్లో ఆగిన రుద్రమూర్తి జీపు వెనక సీటు మీద మడిచిన గోనెసంచి కనిపిస్తోంది. ఒక్క మాటంటే చాలు, సోమవారానికి ఆమె పట్నంలో ఉంటుంది. అమ్మ ఆమెను చూస్తోంది, నాన్న గుండీలు పెట్టుకుంటున్నాడు. బాలన్న నేల మీద పాకుతూ వచ్చి, తల పైకెత్తి, వేలాడుతున్న ఆమె చేతిని నాలుకతో తాకాడు.

"మా తమ్ముడే సార్" అంది హేమావతి.

రుద్రమూర్తి టిక్కు పెట్టి భోజనానికి కాళ్ళు కడుక్కున్నాడు.

ఆమె బాలన్నను గదిలోకి తీసుకుపోయి కుండ విప్పింది. అతను కిటికీ కింద ఎండ పడేచోట పొట్ట ఆనించి పడుకున్నాడు. మూలన మట్టి కాస్త పలచబడి, తెల్లగా కనిపిస్తోంది. రెండు గుప్పిళ్ళ మట్టి తెచ్చి కప్పి, అరచేత్తో చదును చేసింది.

విస్తరి పట్టుకుని అటుగా పోతున్న నరసమ్మ గుమ్మంలో ఆగింది. లోపల ఇద్దరినీ చూసింది.

"గాలి తగుల్తాది వానికి" అని, బయటి నుంచి తలుపు మూసింది.